ఊపిరున్న కుందేలు

1985 చివర్లో జహ్రా శివార్లలో ఒక కువైటీ కుటుంబం వారి జాఖూర్‌లో పనికి చేరాను. జాఖూర్ అంటే ఎడారి అంచున గొర్రెలకూ ఒంటెలకూ కట్టుకున్న దొడ్డి. మా జాఖూర్‌లో గొర్రెలతో పాటు వేటకుక్కలు కూడా ఉండేవి. నన్ను పిలిపించుకున్నది వాటి కోసమే. అంతకుముందు కడప జిల్లాలో పశువుల ఆసుపత్రుల్లో సహాయకుడిగా గొర్రెలకు నట్టల మందు తాగిస్తూ, ఎద్దులకు టీకాలు వేస్తూ ఎండల్లో తిరిగినవాణ్ణి. కువైట్‌లో నా వీసా ఖాదిమ్ వీసా, అంటే ఇంటి పనివాడిది. కాగితం మీద పనివాణ్ణి, పిలుపులో మాత్రం ‘దక్తూర్’ని. హోదా పిలుపుతోనే సరి, జీతం కాగితం ప్రకారమే వచ్చేది.

మా కఫీల్, అంటే నా నివాస అనుమతి పత్రం ఇఖామాకు పూచీ ఉన్న యజమాని, పేరు బూ నాసర్. అక్కడ పెద్దకొడుకు పేరుతో తండ్రిని పిలవడం మర్యాద. పనివాళ్ళం ఆయన్ను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. ఆయన వంశంలో తరతరాలుగా సలూగీలను పెంచారు. సలూగీ అరబ్బుల వేటకుక్క. సన్నటి నడుము, పొడవాటి కాళ్ళు, చెవుల మీద పట్టుకుచ్చులాంటి జుట్టు. దాన్ని కుక్క అంటే బాబాకు కోపం వచ్చేది. కుక్క గుమ్మం బయట ఉంటుంది, సలూగీ పరుపు మీద పడుకుంటుంది అనేవాడు. సలూగీని అమ్మడం, కొనడం కూడా ఆయనకు నామోషీయే. ఇష్టమైనవాళ్ళకు ఇవ్వాలి, అంతే.

కొడుకు నాసర్‌ది వేరే దారి. ఇంగ్లండు వెళ్ళి రెండు గ్రేహౌండ్లను తెచ్చి సలూగీలతో కలిపాడు. ఇలా పరుగుకుక్కను మరో పనికుక్కతోనో, ఇంకో జాతి పరుగుకుక్కతోనో కలిపి తీసిన సంకరాన్ని ఇంగ్లీషువాళ్ళు లర్చర్ అంటారు. లర్చర్ ఒక జాతి పేరు కాదు, ఒక పని పేరు అని నా అభిప్రాయం. పని చేయని లర్చర్ ఉత్త సంకర కుక్క. తండ్రీకొడుకులు ఈ విషయం మీద భోజనాల దగ్గర వాదించుకుంటుంటే, ఇద్దరి కుక్కలకూ కాన్పులు చేసేది నేనే కాబట్టి నేను నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవారి కోసం ఎంపిక పద్ధతి కొంచెం చెబుతాను. పిల్లను రెండుసార్లు ఎంచాలి. నెలన్నర వయసులో ఒకసారి, ఎముక ముదిరి పరుగు తెలిశాక ఒకసారి. మొదటిసారి ఒడ్డూ పొడుగూ చూసి మోసపోకూడదు. ఈతలో అన్నిటికంటే పెద్ద పిల్ల తల్లిపాలు ఎక్కువ తాగిన పిల్ల, అంతకుమించి ఏమీ కాదు. రెండోసారి నడుము వెనక తుంటి ఎముకల మధ్య నాలుగు వేళ్ళు పడుతున్నాయా, రొమ్ము మోచేయి దాకా దిగిందా, పాదంలో మధ్యవేళ్ళు రెండూ పొడుగ్గా ఉన్నాయా చూస్తాం. ఇసుకలో పట్టు ఇచ్చేది ఆ వేళ్ళే. పరుగు ఆగాక రొప్పు ఎంతసేపటికి తగ్గుతుందన్నది గుండెకు పరీక్ష. ఇవన్నీ సరిపోయినా తల్లీ తండ్రీ వేటలో నిగ్గు తేలనివైతే ఆ పిల్ల లాటరీ టిక్కెట్టే. గ్రేహౌండ్ రక్తం సగం ఉంటే వేగం వస్తుంది, దాంతోపాటు పల్చటి చర్మం, మెత్తటి పాదం కూడా వస్తాయి. అందుకని ఆ సంకరాన్ని మళ్ళీ సలూగీకి కలిపి ముప్పాతిక చేస్తారు. వేగం కాస్త తగ్గి ఒళ్ళు గట్టిపడుతుంది.

వేటలో ఒక నియమం ఉంది. చేరిన మొదటి వారంలోనే బాబా నాకు దాన్ని చెప్పాడు. నేర్పిన కుక్క పట్టిన కుందేలు నోట్లోనే చచ్చినా వాళ్ళకు తినడానికి పనికొస్తుంది. కాకపోతే కుక్కను వదిలేవాడు ముస్లిం అయి ఉండాలి, వదిలేటప్పుడు దేవుడి పేరు తలచుకోవాలి, కుక్క తన కోసం అందులోంచి తినకూడదు. నేను హిందువును కాబట్టి గొలుసు విప్పే పని ఎన్నడూ నాది కాదు. నేను వెనక జీపులో నీళ్ళూ, కట్టు గుడ్డలూ పట్టుకుని కూర్చునేవాణ్ణి. నా చేత్తో వదిలిన కుక్క చంపి తెచ్చింది వాళ్ళు తినరు. కుందేలు బతికి ఉండగా చేతికొస్తే మాత్రం బాబా తానే బిస్మిల్లా అని కోయవచ్చు. ఐదేళ్ళపాటు ఈ తేడాతో నాకు పని పడలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. అప్పటికి నాసర్ వ్యాపారం పనిమీద లండన్‌లో ఉన్నాడు. ఇంట్లో బాబా, మామా, నెలలు నిండుతున్న నాసర్ భార్య మిగిలారు. పనివాళ్ళలో నేనూ, వంటమనిషి సత్తిబాబూ ఉన్నాం. సత్తిబాబుది కోనసీమ. మా పాస్‌పోర్టులు నాసర్ ఇనప్పెట్టెలో, తాళం నాసర్ జేబులో. తెలుగువాళ్ళు చాలామంది బస్సులెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వైపు వెళ్ళిపోతుంటే మేమిద్దరం ఉండిపోయాం. ఇందులో త్యాగం ఏమీ లేదు. కొందరు వట్టి చేతుల్తో కూడా బయలుదేరారు, మాకు ఆ ధైర్యం చాలలేదు.

మొదటి నెలలోనే సైనికులు జాఖూర్ నుంచి గొర్రెలన్నిటినీ తోలుకుపోయారు. సౌదీ వైపు పోతున్న బంధువుల పికప్పుల్లో పట్టినన్ని కుక్కలను బాబా ఎక్కించాడు. మూడింటిని మాత్రం ఇవ్వలేదు. వాటిని ఇంటికి తెచ్చి గోడ వెనక కట్టేశాం.

మొదటిది గజాలా, అచ్చమైన సలూగీ ఆడది. తల్లి కడుపులో అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి బయటికి తీసింది నేనే. పుట్టాక ఊపిరి లేకపోతే మూతి తుడిచి రొమ్ము రుద్దాను. నేను పెంచిన వాటిలో దానంతటిది లేదు. అది నాకు ప్రాణం అని చెప్పడానికి ఈ వయసులో సిగ్గుపడను. రెండోది బర్గ్, అంటే మెరుపు. సగం గ్రేహౌండ్, నాసర్ గర్వమంతా దానిమీదే. మూడోది రమ్లా. బర్గ్ అక్కను బాబా తన సలూగీతో కలిపి తీసిన ముప్పాతిక ఆడది. ఇసుకరంగు, బరక జుట్టు, చెవుల మీద కుచ్చు కూడా సరిగా లేదు. చిన్నప్పటి నుంచీ దానికో అలవాటు ఉండేది. దొరికిన చెప్పునల్లా నోట కరుచుకుని తెచ్చి మనిషి ముందు పెట్టేది. నాసర్ దాన్ని ‘ఖద్దామా’ అని వెక్కిరించేవాడు. ఖద్దామా అంటే పనిమనిషి. ఆ గుణం ఎవరి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని తోబుట్టువుల్లో ఒక్కదానికీ లేదు.

సెప్టెంబరులో నాసర్ భార్యకు ఇంట్లోనే కాన్పయింది. మగపిల్లాడు. తల్లికి పాలు చాలలేదు. దుకాణాల్లో మాంసం అన్నమాట లేదు, రొట్టెకు క్యూ, పాలపొడి దొరకదు. మామా ముసుగు చాటున ఏడవడం నేను చూశాను. ఆ వారంలోనే బాబా నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి, మనిషి ఆకారం తప్ప వివరం తెలిసేది కాదు. చెప్పింది మాత్రం వివరంగానే చెప్పాడు. పనివాళ్ళు వదిలేసి పోయిన జహ్రా తోటల్లో గడ్డి మొలిచింది, గడ్డికి కుందేళ్ళు దిగాయి. కువైటీ మగవాడు అటు కనిపిస్తే పట్టుకుపోతారు, నాలాంటి హిందీవాణ్ణి, అంటే ఇండియావాణ్ణి, పోనిస్తారు. కాబట్టి వేటకు నేను వెళ్ళాలి. నేను వదిలిన కుక్క చంపితే ఆ మాంసం ఇంటికి పనికిరాదు. చావు ముంచుకొస్తే నిషేధం సడలుతుందని పెద్దలు చెబుతారు, తమకు ఇంకా అంత రాలేదన్నాడు.

“ఊపిరున్న కుందేలు తెచ్చి పెట్టు దక్తూర్. మూడింటికి పెట్టే తిండి ఇంట్లో లేదు. ఏది తెస్తుందో చూసి దాన్ని ఉంచు, మిగతావాటి సంగతి నువ్వే చూడు,” అన్నాడు. ‘సంగతి చూడు’ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. వదిలేస్తే సాయంత్రానికి తిరిగి గుమ్మం దగ్గరికే వస్తాయి, దారిలో సైనికులు కాల్చకపోతే.

తెల్లవారాక, ఎండ ముదరకముందు, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా తోటల్లోకి తీసుకెళ్ళాను. బర్గ్ కుందేలును అందుకున్న వేగానికి అది అక్కడికక్కడే నలిగిపోయింది. నేను చేరేసరికి సగం తినేసింది కూడా. ఆకలి మీద ఉన్న కుక్కను తప్పుపట్టలేం. మరో పరుగులో ముళ్ళతీగ కంచెకు తగిలి తొడ మీద చర్మం అట్టముక్కలా చీలింది. గ్రేహౌండ్ చర్మం గురించి ముందే చెప్పాను. కుట్లు వేశాను, చీము పట్టింది. యాంటీబయాటిక్ ఇంట్లో తల్లీబిడ్డకే దాచి ఉంచాలి కనుక బర్గ్‌కు మత్తుమందు మోతాదు పెంచి శాశ్వతంగా నిద్రపుచ్చాను.

గజాలా పరుగు చూడటం నా ఉద్యోగంలో నాకు దక్కిన సంతోషాల్లో ఒకటి. ఆ తోటల్లో కూడా, ఆ రోజుల్లో కూడా, అది పరుగెత్తుతుంటే చేస్తున్న పని మరిచిపోయి చూశాను. కుందేలు మలుపు తిరగబోయే చోటికి ముందే చేరేది. వెళ్ళిన ప్రతిసారీ పట్టింది. ఒక్క వెంట్రుక తినలేదు, పక్కన కూర్చుని నా కోసం చూసింది. కానీ పట్టిన క్షణంలోనే మెడ విరిచేసేది. దాని తల్లీ అంతే, అమ్మమ్మా అంతేనట. నాలుగేళ్ళ కుక్కకు దవడ పట్టు మార్చడం అయ్యే పని కాదు, అయినా ప్రయత్నించాను. పాత గొర్రెతోలులో మేకులు గుచ్చి కరవనిచ్చాను. మేకుల తోలును మర్యాదగా పట్టుకుంది, కుందేలు మెడ మళ్ళీ విరిచింది.

రమ్లా మూడు పరుగుల్లో రెండు పోగొట్టేది. మలుపుల్లో జారేది, తికమకపడేది. దొరికినప్పుడు మాత్రం నడుము దగ్గర కరిచి, తల పైకెత్తి, తిన్నగా నా దగ్గరికి తెచ్చేది. కుందేలు కాళ్ళు కొట్టుకుంటుంటే చెప్పు తెచ్చినంత తాపీగా నా చేతుల్లో పెట్టింది. ఒంటి మీద పన్ను గాటు కూడా లేదు. గోనెసంచిలో వేసుకుని వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర సైనికుడు సంచి తెరవమన్నాడు. లోపల కదులుతున్నది చూసి వెనక్కి జరిగాడు. కుందేలని తెలిశాక నవ్వి, వాళ్ళ ఊళ్ళో కూడా సలూగీలున్నాయనీ, ఈ బరక జుట్టుది మాత్రం సలూగీ కాదనీ చెప్పి పొమ్మన్నాడు. యుద్ధంలో కూడా కుక్క జాతి మీద అభిప్రాయం చెప్పకుండా ఉండలేని మనుషులుంటారు.

ఇంటికొచ్చాక బాబా అడిగింది ఒక్కటే మాట, “ఊపిరుందా?” ఉందన్నాను. ఆయన చేయి పెట్టి చూడలేదు. కత్తి తీసుకుని, కుందేలు తలను మక్కా ఉన్న దిక్కు, కిబ్లా వైపు తిప్పి, బిస్మిల్లా అని కోశాడు. సత్తిబాబు కాచిన చారు ఆ పూట బాలింత గదిలోకి వెళ్ళింది.

రెండు వారాలు ఇలా గడిచాక లెక్క స్పష్టంగానే ఉంది, నాకు మాత్రం మింగుడుపడలేదు. గజాలా పోయినప్పుడల్లా తెస్తుంది, ఇంటికి పనికిరాదు. దాని వేటను నేనూ సత్తిబాబూ తిన్నాం, కుక్కలకు పెట్టాం. కానీ తోటల్లో కుందేళ్ళు తరిగిపోతున్నాయి. గజాలా చంపిన ప్రతి కుందేలూ ఆ బాలింత నోటి ముందు నుంచి తీసినదే. రమ్లా తక్కువ తెస్తుంది, తెచ్చింది పనికొస్తుంది. నేను వంటింటి మెట్ల మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుంటే సత్తిబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఎందుకండీ డాక్టరుగారూ అంత బాధ? గజాలాని పట్టుకెళ్ళండి. ఒళ్ళు చల్లారకుండా తెచ్చి, ఊపిరుందని ఆయన చేతికిచ్చెయ్యండి. ఆయనకి చూపా లేదు, చెయ్యెట్టి చూసే మనిషీ కాదు. చూలాలూ బాలింతా తినేదానికి పట్టింపులేంటండీ? దేవుడు లెక్కేసుకోడు.”

అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆ పిల్లాడి ఏడుపు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే అతను నోరు తెరవకముందే ఆ ఆలోచన నాకు వచ్చింది. గజాలా బతుకుతుంది, ఇంటికి రోజూ మాంసం వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఖలాస్, అయిపోయినట్టే. నాకు కావలసినదంతా అందులోనే ఉంది.

“నువ్వు సెప్పేది బాగానే ఉండాది సత్తిబాబూ,” అన్నాను. “ఆయప్ప సేయి పెట్టి సూసుంటే మోసం సేసేటోణ్ణేమో. ఆయప్ప నన్ను అడుగుతాండాడే. ఆ మాటకి ఏం సెప్పల్ల?”

అతను తమ కోనసీమ వైపు జొనంగి కుక్కయితే బాతుల మందను కూడా ఒక్క ఈక రాలకుండా తోలుకొస్తుందనీ, ఈ అరబ్బు కుక్కలకు అందం తప్ప బుద్ధి లేదనీ గొణిగాడు. గజాలాకు రోజూ తన రొట్టెలో ముక్క దాచి పెడుతున్నది అతనే. బాధ అలా బయటికొచ్చిందని నాకు తెలుసు.

మర్నాడు బాబాకు చెప్పాను, రమ్లాను ఉంచుతున్నానని. ఆయన గజాలాను గదిలోకి తీసుకురమ్మన్నాడు. పరుపు మీద పడుకోబెట్టి, వేటకు ముందు పాదాలు గట్టిపడటానికి పూసే గోరింటాకును నాలుగు పాదాలకూ తానే తడిమి తడిమి పూశాడు. ఇక ఏ వేటకూ వెళ్ళని కుక్కకు అదెందుకని నేను అడగలేదు. ఇంకోసారి ఆలోచించమని ఆయన నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. గోరింటాకు ఆరాక ముందుకాలి నరం పట్టి సూది నేనే వేశాను. నా చేతికి అలవాటైన పనే. గజాలా కాలు లాక్కోలేదు, పుట్టినప్పటి నుంచీ నేను పొడిచిన సూదులే దానికి తెలుసు. ఇంటి వెనక ఖర్జూరం మొదట్లో పూడ్చి, గది తలుపు వేసుకుని ఏడ్చాను.

చలికాలమంతా రమ్లాతో తోటలకు వెళ్ళాను. ఒకదాన్నే తిప్పుతుండటంతో దాని పరుగు మెరుగుపడింది. కుందేలును తరమడం మాని దారి కాయడం నేర్చుకుంది. వట్టి చేతుల్తో వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. తెచ్చిన రోజు బాబా అదే ప్రశ్న వేసేవాడు, నేను అదే జవాబు చెప్పేవాణ్ణి. ఒకసారి దారిలో సంచిలోనే కుందేలు చచ్చింది. చచ్చిందని చెప్పాను, ఆయన కత్తి పక్కన పెట్టేశాడు. ఆ పూట ఇంట్లో పప్పు ఉడికింది. పిల్లాడు బక్కగానే ఉన్నా బతికాడు. ఆ ఒక్క చారుతోనే బతికాడని నేను అనను. అది కూడా ఒక కారణం.

సైన్యం వెళ్ళిపోయిన కొన్ని నెలలకు నాసర్ తిరిగొచ్చాడు. కొడుకును మొదటిసారి ఎత్తుకుని చూసుకున్నాక జాఖూర్‌కు వచ్చి గజాలా ఏదని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు రమ్లాను చూస్తూ నిలబడ్డాడు. చివరికి అతనూ సత్తిబాబు మాటే అన్నాడు. నాన్నకు చూపు లేదు కదా, ఊపిరుందని అనేస్తే పోయేది, అంత కుక్కను చంపుకుంటామా అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు జీపులో కూర్చున్న బాబా అందుకున్నాడు. ఆయన అక్కడున్నాడని మేమిద్దరం మరిచిపోయాం.

“నాకు తెలిసేది,” అన్నాడు. “చచ్చిన కుందేలు బరువు వేరు. చేతికొస్తే ఎప్పుడైనా తెలిసేది. అడిగింది కుందేలు కోసం కాదు, దక్తూర్ మాట కోసం.”

ఆ తర్వాత నాసర్ నోట రమ్లాను గ్రేహౌండ్‌తో కలపాలన్న మాట మళ్ళీ రాలేదు. దాన్ని మెత్తటి దవడ ఉన్న సలూగీకే రెండుసార్లు కట్టించాం. తల్లి గుణం కొన్ని పిల్లలకు వచ్చింది, కొన్నిటికి రాలేదు.

మరో పద్దెనిమిదేళ్ళు ఆ పనిలోనే ఉండి రాయచోటికి వచ్చేశాను. వేటకుక్క పిల్లను ఎంచిపెట్టమని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. తుంటి ఎముకలూ, పాదాలూ, రొమ్ము లోతూ ఆ తర్వాతి సంగతి. దాన్ని వదిలేది ఎవరు, అది తెచ్చింది తినేది ఎవరు అని ముందు అడుగుతాను. ఆ రెండూ చెప్పలేనివాడికి ఎంత మంచి పిల్లను ఇచ్చినా దండగే. గజాలా కంటే మంచి కుక్కను నేను పెంచలేదు. ఆ ఇంటికి ఆ ఏడాది కావలసిన కుక్క అది కాదు.